మా అమ్మాయి తెడ్డు లాగిన తీరు

ఇంటి నుంచి,
వానలు వెనకబట్టిన ఆదివారం

పడవల క్లబ్బు కోచ్ మేడమ్ గారికి,

నేనెవరో మీకు తెలుసు. మొన్నటి వానల్లో జ్వరంతో పోయిన పిల్ల తల్లిని. ఆస్పత్రి వార్డు బయట బెంచీ మీద మీరు నా పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నారు. ఈమె మంచి మనిషి అనుకున్నాను ఆ రోజు. ఈ ఉత్తరం ఆ మంచి మనిషికి కాదు.

నాకు ఐదో తరగతి దాకే చదువు. ఒత్తులు తప్పితే సర్దుకోండి. ఫోన్ చెయ్యొచ్చుగా అంటారు. ఫోన్లో గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది, ఏడిస్తే కోపం కరిగిపోతుంది. ఈ కోపం కరగడం నాకిష్టం లేదు. అందుకే రాస్తున్నా.

మీ పడవలో చుక్కాని పట్టి కేకలేస్తుందే, మీరంతా పిచ్చుక అంటారే, ఆ పిల్ల మొన్న మా ఇంటికొచ్చింది. మంచం మీద కాళ్లు ఊపుకుంటూ కబుర్లు చెప్పింది. చెప్తూ చెప్తూ, "అక్కని మేం చూస్తూనే ఉంటాం ఆంటీ, కొత్త పిల్లలు చేరినప్పుడల్లా మేడమ్ అక్క వీడియో గోడ మీద వేస్తారు" అంది. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. "ఏమని చెప్తారే దాని గురించి?" అన్నా. ఆ పిల్ల మాట మార్చబోయింది. నేను వదల్లేదు. "ఇలా లాగకండి అని చెప్తారు ఆంటీ" అంది.

ఇలా లాగకండి అనా?

మేడమ్, పోయినోళ్ల కళ్లు చారెడంటారు. మీ షెడ్డులో మాత్రం పోయినదాని తప్పులు చారెడా? షెడ్డు గోడకి దాని ఫొటో పెట్టారని విని మీకు మనసులో దణ్ణం పెట్టుకున్నా. ఒక గోడ మీద ఫొటో, ఇంకో గోడ మీద తప్పు. ఏ గోడని నమ్మమంటారు నన్ను?

ఆ వీడియో తీసెయ్యండి. తుడిచేసి, తుడిచేశానని నాకు రాయండి. నేను ఇంకేమీ అడగను.

ఆ పిల్ల తల్లి

*

పడవల షెడ్డు నుంచి

అమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీ బాధ అర్థమైంది. అయితే మీరు అనుకుంటున్నట్టు అది అవమానం కాదు, పాఠం. వీడియోలో ఉన్నది ఎవరో నేను కొత్త పిల్లలకు చెప్పను. పక్క నుంచి తీసినది కాబట్టి ముఖం కూడా సరిగా కనబడదు.

పాఠం ఏమిటో చెబుతాను. మా పడవలో సీటు ముందుకూ వెనక్కూ జారుతుంది. పాదాలు ఒక పలకకు కట్టి ఉంటాయి. మోకాళ్లు ముడుచుకుని, చేతులు తిన్నగా చాచి, తెడ్డును నీళ్లలో ముంచుతాం. ముంచగానే చెయ్యాల్సింది లాగడం కాదు, కాళ్లతో పలకను తన్నడం. కాళ్లు చాపాక నడుం వెనక్కి వాలుతుంది. చిట్టచివర మోచేతులు వంగుతాయి. అప్పటిదాకా చేతులు కొక్కేలు మాత్రమే, తెడ్డుకు తగిలించి ఉంచడమే వాటి పని. తిరిగి ముందుకు వచ్చేటప్పుడు అంతా తలకిందులు: ముందు చేతులు, తర్వాత నడుం, ఆఖరున మోకాళ్లు.

మీ అమ్మాయి చేతులతో మొదలుపెట్టేది. నీళ్లు తగలగానే భుజాలు చెవుల దాకా లేచేవి, మోచేతులు వంగిపోయేవి, కాళ్లు తీరిగ్గా వెనక వచ్చేవి. బరువంతా నడుం మీద పడేది. ఆ తప్పు అంత స్పష్టంగా కనబడే వీడియో నా దగ్గర మరొకటి లేదు. నోటితో ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కదు, చూస్తే ఎక్కుతుంది.

మీకు కావాలంటే ఒక కాపీ పంపగలను. తుడిచేయడం మాత్రం కుదరదు.

నమస్కారాలతో,
కోచ్

*

ఆస్పత్రి లాండ్రీ నుంచి,
అన్నం తినే వేళ

కోచ్ మేడమ్ గారికి,

ఎవరో చెప్పరా? అది ఓదార్పనుకున్నారా? పుండు మీద కారం చల్లి, ఏ పుండో చెప్పలేదులే అన్నట్టుంది. ఊరూ పేరూ లేని తప్పు అయిందా నా కూతురు?

మీరు రాసింది చదివి చేసి చూశాను. నేల మీద కూర్చుని, పాదాలు గోడకి ఆనించి, కిటికీ ఊచకి తువ్వాలు కట్టి లాగాను. ముందు కాళ్లు, తర్వాత నడుం, తర్వాత చేతులు. మీరు చెప్పినట్టు రానే రాలేదు నాకు. భుజాలే ముందు లేచాయి. మళ్లీ చేశా, మళ్లీ భుజాలే. అప్పుడు అర్థమై అలాగే గోడకి కాళ్లు పెట్టుకుని కూర్చుండిపోయా.

మా పని సంగతి మీకు తెలీదు. వార్డుల దుప్పట్లు మేం ఉతుకుతాం. యంత్రం ఉతుకుతుందిగానీ, పిండే యంత్రం పడకేసిన రోజులే ఎక్కువ. అప్పుడు చేత్తో పిండాలి. తడి దుప్పటి ఒక చివర ఒకరు, ఇంకో చివర ఒకరు పట్టుకుని మెలేసి, బిగలాగాలి. కింద అంతా సబ్బు నీళ్లు. కాళ్లతో తన్నారనుకోండి, వెల్లకిలా పడతారు. మా దగ్గర పడినవాళ్లున్నారు, తుంటి విరిగినవాళ్లున్నారు. అందుకని కాళ్లు కదపకూడదు. పాదాలు నేలకి అతికించి, మోకాళ్లు బిగించి, భుజాలతో, చేతులతో గుంజాలి. ఇక్కడ చేరిన ఎవరికైనా ముందు నేర్పేది అదే. నా కూతురికీ అదే నేర్పాను. సెలవులొస్తే అది నాతో వచ్చేది. దుప్పటి ఆ చివర అది, ఈ చివర నేను. నా ఎత్తు రాకముందే నా గుంజుడు వచ్చేసింది దానికి.

మీరు గోడ మీద వేసి 'ఇలా చెయ్యకండి' అంటున్నది నా కూతుర్నొక్కదాన్నే కాదు, నన్ను కూడా. మా అమ్మా అలాగే గుంజేది.

ఇంకోటి. అంత తప్పుగా లాగితే దాన్ని ఇంజను అని ఎందుకు పిలిచారు మీరంతా? పోటీలో గెలిచినప్పుడు దాని భుజాలు తప్పనిపించలేదా? గెలిచిన రోజు ఇంజను, పోయాక తప్పు. బాగుంది మీ లెక్క.

తుడిచెయ్యండి.

ఆ పిల్ల తల్లి

*

పడవల షెడ్డు నుంచి,
చలి మొదలైంది

అమ్మా,

మొదటి ఉత్తరం కోచ్‌గా రాశాను. ఇది మామూలు మనిషిగా రాస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం చదివితే నాకూ ఒళ్లు మండింది.

మీ అమ్మాయిని తప్పు పట్టి చేతులు దులుపుకున్నానని అనుకుంటున్నారు. ఆ భుజాలతో నేను పడ్డ పాట్లు మీకు తెలుసా? మోచేతులకు గుడ్డ చుట్టి, వంగకుండా కట్టి, కాళ్లతో మాత్రమే లాగించాను. కళ్లు మూసుకుని లాగించాను. గొంతు పోయేలా అరిచాను. "సరే మేడమ్" అనేది. అన్నట్టే చేసేది, అందరికన్నా శుభ్రంగా చేసేది. పోటీలో ఊపిరి అందని క్షణం వచ్చిందా, అంతే, మళ్లీ భుజాలు. ఎక్కడి నుంచి వస్తోందే ఇది నీకు అని ఎన్నిసార్లు అడిగానో. నవ్వేది తప్ప చెప్పేది కాదు. దుప్పట్లని ఒక్క మాట చెప్పి ఉంటే నేర్పే దారే మార్చేదాన్ని. మీరు రాసేదాకా నాకు తెలియదు. మీరు ఒక్క పోటీకైనా వచ్చి ఉంటే ముందే తెలిసేదేమో.

ఇంజను అన్నది నిజం. దాని బలం నిజం, తప్పూ నిజం. గెలిచింది బలంతో. నడుం పోగొట్టుకున్నది తప్పుతో. బట్టలు మార్చుకునేటప్పుడు గోడ పట్టుకుని వంగడం నేనే చూశాను. అందుకే దాన్ని ముందు పడవలోంచి తీసేశాను. జ్వరం రాకముందు చాలా రోజుల నుంచి అది పోటీ పడవలో లేదు, రెండో పడవలో కాళ్ల పాఠం మొదటి నుంచీ నేర్చుకుంటోంది. ఇంట్లో చెప్పిందనుకున్నాను.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చే పిల్లలు కూడా పని చేసి వస్తున్నవాళ్లే. ఒకమ్మాయి ఇటుకలు మోస్తుంది. ఒకమ్మాయి తండ్రితో తోపుడు బండి తోస్తుంది. వాళ్ల నడుములు నాకు కావాలి. ఆ వీడియో తుడవను. మీరు తిట్టండి, పడతాను.

కోచ్

*

ఇంటి నుంచి

కోచ్ మేడమ్,

పడవలోంచి తీసేశారు.

నాకు చెప్పలేదు అది. సాయంత్రం వచ్చి, "ముందు పడవే అమ్మా, నేను లేకపోతే వాళ్లది కదలదు" అనేది. నేను నమ్మి లాండ్రీలో అందరికీ చెప్పుకున్నాను. నడుం నొప్పంటే మందు రాశాను. "దుప్పట్ల వల్లేనే, ఇంక నువ్వు రావద్దు" అన్నాను. నవ్వింది. నా దగ్గరా నవ్వే, మీ దగ్గరా నవ్వే. ఇద్దరం పిచ్చివాళ్లమయ్యాం. కానీ మీరు దాన్ని లేపి వేరే పడవలో కూర్చోబెట్టిన మనిషి. అది మనసులో ఏం మింగిందో మీకేం తెలుసు? తీసేసినదాన్ని తీసేసినట్టు వదలకుండా గోడకెక్కించి మళ్లీ మళ్లీ తీసేస్తున్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

పోటీలకి రాలేదంటారా? ఆస్పత్రి మంచాలకి ఆదివారం ఉండదు మేడమ్. రమ్మని అది అడగనూ లేదు. అడిగితే సూపర్‌వైజర్ కాళ్లు పట్టుకునైనా వచ్చేదాన్ని.

నా ఇంట్లో దాని ఫొటోలున్నాయి. అన్నిట్లో నిలబడి ఉంది. బిగుసుకుని, ఎవరో కొట్టబోతున్నట్టు. కదులుతున్న నా కూతురు ఒక్క మీ దగ్గరే ఉంది, దాన్ని మీరు పరాయి పిల్లల చేత తప్పులు పట్టిస్తున్నారు. ఇది అన్యాయం కాకపోతే ఇంకేది?

మీరు తుడవనంటున్నారు కాబట్టి నేనే వస్తున్నా. వచ్చే ఆదివారం. నా కళ్ల ముందు తుడవాలి. లేదంటే ఆ మిషనో ఫోనో ఏదైతే అది, నీళ్లలో పడేస్తా. దాని ఖరీదు తర్వాత చూసుకుందాం.

ఆ పిల్ల తల్లి

*

పడవల షెడ్డు నుంచి

అమ్మా,

రండి. ఆదివారం పొద్దున కొత్త పిల్లలకు పాఠం ఉంది. మీకోసం ఆపను, దాచను. చూశాక మీరు ఏమంటే అది చేస్తాను. ఈ మాట కోపంతో అనడం లేదు.

షెడ్డు ముందు మెట్లు పాచి పట్టి ఉంటాయి, పక్క దారిన రండి.

కోచ్

*

ఇంటి నుంచి

కోచమ్మకి,

ఆదివారం మీ ముందు నా నోరు సగమే పెగిలింది. పెగిలినంతవరకూ గట్టిగానే వచ్చిందనుకోండి. మిగిలింది రాస్తున్నా.

చూడకుండా తుడిపించాలనే వచ్చాను. నాతో దుప్పటి ఆ చివర ఇప్పుడు పట్టేది ఒకావిడ ఉంది, ఆమెను తోడు తెచ్చుకున్నా. "చూసి తుడిపించు, తిట్టడానికైనా చూడాలిగా" అని ఆమే కూర్చోబెట్టింది నన్ను. మీరు తలుపు మూశారు. గోడ మీద నీళ్లు కదిలాయి. నీళ్ల మీద నా కూతురు.

నా పక్క బెంచీలో ఇద్దరు పిల్లలు. నేనెవరో వాళ్లకి తెలీదు. ఒకతి రెండోదాని చెవిలో, "భుజాలు చూడవే, చెవులకి కమ్మలు పెట్టుకున్నట్టున్నాయి" అంది. "కమ్మలు కాదమ్మా, నా కూతురి భుజాలు" అన్నాను. మీరు అటు తిరిగి నిలబడ్డారు. ఒక్క మాట అడ్డం రాలేదు మీరు. అదొక్కటీ నచ్చింది.

సరే, ఒప్పుకుంటున్నా. తప్పే. నా చదువుకి కూడా కనబడింది. తెడ్డు మునగ్గానే చేతులు గుంజేస్తున్నాయి, కాళ్లు బద్ధకంగా వెనక వస్తున్నాయి, ఆ నడుం మధ్యలో నలిగిపోతోంది. అది పడవలో లేదు మేడమ్, లాండ్రీలో ఉంది. జారి పడతానని కాళ్లు బిగబట్టుకుంది. జారడానికే పెట్టిన సీటు మీద కూర్చుని. లేచి వెళ్లి "తన్నవే, ఏం కాదు, తన్ను" అనాలనిపించింది. తుడవమని చెప్పడానికి నోరు తెరిచి కూడా అదే అనుకుంటున్నా.

ఇంతలో మీరు బొత్తాం నొక్కి ఆపేశారు. ఎప్పుడూ ఆపే చోటే అనుకుంటా, మీ వేలు దానంతటదే వెళ్లింది. తెడ్డు నీళ్లలోంచి బయటికొచ్చింది, నా కూతురు ఆగిపోయింది. మళ్లీ ఫొటో అయిపోయింది. "ఎందుకాపారు?" అన్నా. "తర్వాత ఏమీ లేదమ్మా, లాగడం ఆపేసి సేదదీరుతున్నారు" అన్నారు.

ఏమీ లేదన్నారు మీరు. వెయ్యమన్నాను.

అందరూ తెడ్లు వదిలారు. పడవ దానంతటది పోతోంది. నా కూతురు చేతులు విదిలించుకుంది. రెండు అరచేతులూ చూసుకుని ఊదుకుంది. ఎదురుగా కూర్చున్న ఆ పిచ్చుక మీదికి వంగి ఏదో అంది, వీడియో తీస్తున్న మీ మోటారు బోటు చప్పుడులో ఏమీ వినబడలేదు. అని, తల వెనక్కేసి నవ్వింది. ముఖం కనబడదని రాశారే, ముఖమంతా కనబడింది. భుజాలు దిగిపోయాయి అప్పుడు. అంతసేపూ చెవుల దగ్గరున్న భుజాలు, ఎంత హాయిగా దిగాయో. మీ పాఠానికి పనికిరాదని ఇన్నాళ్లూ కోసేసింది దాన్నా? ఇప్పటిదాకా మీ దగ్గరకొచ్చిన పిల్లలందరూ దాని తప్పు చూసి వెళ్లారుగానీ దాన్ని చూడలేదు. నాకు ఒళ్లు మండింది అక్కడ. తప్పు చూపించినందుకు కాదు. తప్పు అయిపోగానే మనిషిని ఆపేసినందుకు.

ఏమంటే అది చేస్తానన్నారు. వినండి. తుడవద్దు. తప్పు చూపించండి, తప్పని చెప్పండి, పిల్లల నడుములు కాపాడండి. ఎవరో చెప్పండి. ఆ గుంజుడు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పండి, దుప్పట్ల సంగతి దాచొద్దు, నాకు సిగ్గు లేదు. కానీ ఆ చోట ఆపొద్దు. నవ్వేదాకా వెయ్యండి. పాఠం కోసం కాదు. ఊరికే.

ఆ పిల్ల తల్లి

*

పడవల షెడ్డు నుంచి,
ఎండలు ముదురుతున్నాయి

అమ్మా,

ఈ వారం కొత్త పిల్లలు చేరారు. మీరు చెప్పినట్టే చేశాను. ఎవరో చెప్పాను. దుప్పట్లు పిండడం చెప్పాను. "మీరు ఇంట్లో ఏం పనులు చేస్తారే" అని పిల్లలందరినీ అడిగాను. పాతవాళ్లలో ఆ తోపుడు బండి అమ్మాయి లేచి తోసి చూపించింది. పడవలో లాగాక సీటు మీద మళ్లీ ముందుకు రావడానికి ఆమె ఎందుకు అంత తొందరపడుతుందో నాకు ఆ నిమిషం అర్థమైంది. ఇంతకాలం ఈ మాట అడగనందుకు నా మీద నాకే మండింది. దాని గురించి మరెప్పుడైనా తిట్టుకుంటాను.

ఆ చోట ఆపలేదు. మీ అమ్మాయి నవ్వగానే పిల్లలు కూడా నవ్వారు, ఎందుకో తెలియకుండానే. "ఏమంది మేడమ్?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. పరీక్షలు అయిపోయి పిచ్చుక ఆ రోజే వచ్చింది, వెనక నిలబడి ఉంది. "నాకు తెలుసు, చెప్తే మేడమ్ కొడతారు" అంది. కొట్టను చెప్పమన్నాను.

ఆ రోజు నేను మోటారు బోటులోంచి "కాళ్లు, కాళ్లు" అని అరిచి అరిచి ఈల ఊది ఆపానట. అప్పుడు మీ అమ్మాయి దానితో అన్న మాట ఇది:

"ఒక్కపూట మా అమ్మని తెచ్చి ఈ సీట్లో కూర్చోబెడతానుండు. అప్పుడు తెలుస్తుంది ఈ మేడమ్‌కి, లాగడమంటే ఏంటో. ఆ ఈల మింగేస్తుంది."

ఉన్నది ఉన్నట్టు రాశాను.

కోచ్

*

ఇంటి నుంచి

కోచమ్మకి,

చదివాను. లాండ్రీలో అందరికీ చదివి వినిపించాను. నాకు మీ మీద కోపం అంతా పోలేదు, కానీ ఇవాళ దాని మీద వచ్చింది. అంత మాట ఆ పిచ్చుకతో అనకపోతే నాతో అనొచ్చుగా? తెచ్చి కూర్చోబెడతానన్నది ఒక్కసారి రమ్మంటే ఏం పోయింది దాని సొమ్ము? తల్లిని పిలవడానికి మొహమాటమా?

సరే, ఇప్పుడైనా పిలిచింది కదా.

వచ్చే ఆదివారం సెలవు పెట్టాను. సూపర్‌వైజర్ ఎందుకంటే, నా కూతురు రమ్మందని చెప్పాను. ఆయన సెలవు చీటీ మీద సంతకం పెట్టేశాడు. నాకు ఈత రాదు, దానికేదో కట్టండి ఒంటికి. ముందు పడవ కావాలి, రెండోది ఎక్కను. అది కూర్చున్న సీటే కావాలి. ఎదురుగా పిచ్చుకని కూర్చోబెట్టండి.

మీరు కాళ్లు కాళ్లు అని అరవండి, మీ పని మీరు చెయ్యండి. నేను భుజాలతోనే లాగుతాను.

ఈల జాగ్రత్త.

ఆ పిల్ల తల్లి